ఆగమన కాలము - క్రిస్మసు పండుగ

డిసెంబరు 25వ తేదీన క్రైస్తవులు క్రిస్మసు పండుగ చేసికొందురన్న సంగతి మీకందరకును తెలిసినదే. ఆనాడు దేవాలయములలో దీపములు వెలుగును, పాటలు వినవచ్చును, ఇరుగుపొరుగులకు పిండివంటలు పంచిపెట్టుదురు. కాని ఈ పండుగకు ముందు నాలుగు ఆదివారముల నియమకాలమొకటి కలదనియు, దానిని విడిచినచో పండుగకు అర్థమే తగ్గిపోవుననియు ఎరిగినవారు కొలదిమంది. ఆ విషయమును కొంచెము విచారింతము.

ఈ కాలమునకు ఆగమన కాలమని పేరు. లాటిను భాషలోని 'అడ్వెంటస్' అను మాటకు 'రాక' యని అర్థము. నవంబరు 30వ తేదీకి మిక్కిలి దగ్గరగా నుండు ఆదివారమున ఇది ప్రారంభమగును. పాశ్చాత్య సంప్రదాయమున క్రైస్తవ సంవత్సరమునకు ఇదియే ఉగాది. గురువులు ఊదారంగు వస్త్రములు ధరింతురు. అది పశ్చాత్తాపమునకు గురుతు. ప్రాచ్య సంఘములలో పలువురు పండుగకు ముందు 40 దినములు ఉపవాసముందురు.

1839లో జర్మనీలోని హాంబర్గు నగరమున విఖెర్న్ అను బోధకుడు, తాను పెంచుచున్న దిక్కులేని బాలుర కొరకు ఒక బండిచక్రముమీద క్రొవ్వొత్తులు నిలిపి, దినమునకొకటి చొప్పున వెలిగించి, పండుగ ఎంత దగ్గరకు వచ్చినదో వారికి చూపెనట. ఆదివారమునకొక దీపము చొప్పున నాలుగు దీపములు వెలిగించు నేటి ఆచారము దానినుండి వచ్చినదే. చీకటి ఒక్క పెట్టున తొలగదు. దీపము వెంట దీపము పెట్టవలెనని దాని భావము.

ఇంతకును ఎవరి రాక? 12వ శతాబ్దమున బెర్నార్డు అను సన్న్యాసి క్రీస్తు రాకను మూడు విధములుగా వివరించెను. పూర్వము బేత్లెహేములో శిశువుగా వచ్చుట మొదటిది. లోకమునకు తీర్పు తీర్చుటకు మహిమతో వచ్చుట కడపటిది. ఈ రెంటికిని నడుమ, నేడు మనుష్యుని హృదయములోనికి నిశ్శబ్దముగా వచ్చుట మరియొకటి. మొదటిదానిని స్మరించుచు, కడపటిదానికై కనిపెట్టుచు, నడిమిదానికి తలుపు తెరచుటయే ఆగమన కాలపు సాధన.

కనిపెట్టుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. రోహిణి ఎండలలో రైతు వాన కొరకు ఆకాశము వంక చూచును. కాని చూచుచునే నాగలి సరిచేసికొనును, విత్తనము సిద్ధపరచుకొనును. వాన అతని చేతిలో లేదు. దుక్కి అతని చేతిలోనిదే.

ఆ దుక్కి యెట్టిదో బాప్తిస్మమిచ్చు యోహాను బోధ తెలుపును. ఈ కాలమున దేవాలయములలో అతని వృత్తాంతమును చదువుదురు. మేమేమి చేయవలెనని జనులు అడుగగా, అతడు యజ్ఞయాగములు చెప్పలేదు. అదనపు వస్త్రము గలవాడు బట్టలేనివానికి ఈయవలెననెను. అన్నము గలవాడును అట్లే చేయవలెననెను. పన్ను వసూలు చేయువారితో, నిర్ణయించినదానికి మించి రాబట్టవద్దనెను. సిపాయిలతో, బెదిరించి సొమ్ము లాగవద్దనియు, జీతముతో తృప్తిపడుడనియు చెప్పెను. చూచితిరా? ఇవన్నియు గ్రామచావడిలో తీరవలసిన సంగతులే.

ఇక పండుగ సంగతి. యేసు జన్మించిన తేదీని సువార్తలు చెప్పవు. 336లో రోమునగరమున డిసెంబరు 25వ తేదీన ఈ పండుగ జరిగినట్లు ప్రాచీన పట్టిక వలన తెలియుచున్నది. తేదీకంటె ముఖ్యమైనది జన్మవిధము. జనసంఖ్యలో పేరు వ్రాయించుకొనుటకు ప్రయాణమై వచ్చిన దంపతులకు సత్రములో చోటు దొరకలేదు. శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టిరి. ఆ వార్త మొదట విన్నవారు రాజులు కారు, రాత్రి మందను కాచుకొను గొల్లలు. అవతారమను మాట మనకు క్రొత్తది కాదు. అయితే దేవుడు ఒక్కసారియే, నిరాయుధుడై, బీదయింటి బిడ్డగా మనుష్యులతో కాపురముండ వచ్చెనని క్రైస్తవుల విశ్వాసము.

మన మెదకులోని మహాదేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. కరవుచే పీడితులైన జనులకు పని కల్పించి అన్నము పెట్టవలెనను తలంపుతో పాస్నెట్టు దొరగారు దానిని కట్టించిరని చెప్పుదురు. ఆ ఎత్తైన గోపురమును చూచి ఆశ్చర్యపడువారు, దాని రాళ్లు మోసినవారి ఆకలిని కూడ తలంచుకొందురు గాక.

పెద్దలారా! చోటు లేదన్న ఆ సత్రపు మాట ఒక్క రాత్రితో ముగియలేదు. క్రొత్తబట్టలు కట్టి, దీపములు పెట్టి, అన్నదమ్ములతో మాట లేకుండ, కూలివాని బాకీ తీర్చకుండ పండుగ చేసికొన్న ఇంట ఆ మాట మరల వినబడును. నాలుగు వారముల గడువు ఈయబడినది ఆ లెక్కలు సరిచేసికొనుటకే. అది చేసినవాని ఇంట పిండివంట లేకున్నను పండుగ వచ్చినట్లే.