ముఖరోమములకు విద్యుత్ సూది: మోతాదు, మచ్చలు

స్త్రీల పై పెదవిమీదను, చుబుకముక్రిందను ముదురు రోమములు మొలచుట అరుదైన విషయము కాదు. దానినిగూర్చి మాటాడుటయే అరుదు. దుర్గు జిల్లాలో, భిలాయికి దక్షిణమున నున్న ఉతైవంటి చిన్న పట్టణములలో ఒకరి యింటి మాట నలుగురకు తెలియక మానదు. అట్టిచోట యువతులు ఈ బాధను తల్లికి సయితము చెప్పుకొనలేక, తెల్లవాఱకమునుపే అద్దము ముందు నిలిచి పటకారుతో రోమములు లాగుకొనుట కలదు. 1955లో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒడంబడికపై భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసిన పిమ్మట, ఆంధ్రదేశమునుండి పనికై వచ్చిన కుటుంబములు పెక్కు ఆ ప్రాంతమున స్థిరపడినవి. పెండ్లిచూపుల సమయము వచ్చినపుడు ఈ గుట్టు మఱింత బరువగును. శాశ్వతముగా తీసివేయుదుమను ప్రకటనలు అప్పుడే చెవికింపుగా వినబడును.

శాశ్వతముగా తీసివేయు పద్ధతి నిజముగానే కలదు. దానికి ఎలక్ట్రాలిసిస్ అని పేరు. పాఠశాలలో విద్యుద్విశ్లేషణమని చదివినది ఇదియే. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున చార్లెస్ మిషెల్ అను నేత్రవైద్యుడు, లోనికి తిరిగి కంటిని ఒరయుచుండిన ఱెప్పవెండ్రుకల మూలములను సూదిద్వారా విద్యుత్తు పంపి నశింపజేసిన విధమును 1875లో ప్రకటించెను. చర్మవైద్యులు దానిని ముఖరోమములకు వర్తింపజేసిరి. నాటినుండి యంత్రములు మారినవి కాని మూలసూత్రము మారలేదు.

వెండ్రుకవలె సన్నని సూదిని రోమకూపమున మెల్లగా దింపుదురు. సూది ఋణధ్రువమునకు కలుపబడియుండును. ధనధ్రువమును చికిత్స పొందు వ్యక్తి చేతబట్టుకొనును. రోమకూపము అడుగున ఉప్పునీటి చెమ్మ ఉండును. విద్యుత్తు ప్రవహింపగానే ఆ ఉప్పు, నీరు విడిపోయి, సూదిచుట్టును కాస్టిక్ సోడా పుట్టును. సబ్బు చేయువారు వాడు క్షారము ఇదియే. రోమమూలమును కరగించునది ఈ క్షారమే కాని విద్యుత్తు కాదు. కావున విద్యుత్తు ఎంతయని మాత్రము అడిగిన చాలదు. ఎంతసేపు పంపిరని కూడ అడుగవలయును.

భిలాయిలో వెల్డింగు పనివాడు నూఱు ఆంపియర్ల విద్యుత్తును సునాయాసముగా వాడును. సూదికి కావలసినది ఆంపియరులో వేయవ వంతు, అనగా ఒక మిల్లీఆంపియరు ప్రాంతము మాత్రమే. మిల్లీఆంపియరులో పదవ వంతు ఒక్క సెకను ప్రవహించినపుడు పుట్టు క్షారమును ఒక యూనిట్టుగా లెక్కింతురు. అర మిల్లీఆంపియరును 12 సెకనులు పంపినను, ఒక మిల్లీఆంపియరును 6 సెకనులు పంపినను పుట్టునది 60 యూనిట్లే. చుఱుకుమను బాధ మాత్రము రెండవదానిలో హెచ్చు. నూగువంటి రోమమునకు సుమారు 15 యూనిట్లు చాలును. లోతుగా పాతుకొనిన ముదురు రోమమునకు 60 మొదలు 80 వరకు కావలసియుండును. పై పెదవికిని చుబుకమునకును ఒకే అమరిక పెట్టి ముఖమంతయు ముగించువారు తమ పని నెఱుగనివారే. ధ్రువములు తారుమారైనచో ఉక్కుసూదినుండి వెడలిన లోహము పచ్చబొట్టువలె చర్మమున నిలిచిపోవును.

ఉచ్ఛస్థాయి పౌనఃపున్యముగల విద్యుత్తుతో వేడి పుట్టించి మూలమును మాడ్చుట మఱియొక పద్ధతి. ఇందు పని క్షణములో ముగియును. పొరపాటు జరిగినను క్షణములోనే జరుగును. రెండు పద్ధతులను మేళవించు యంత్రమునకు 1948లో అమెరికాలో పేటెంటు లభించెను. ఏ పద్ధతియైనను, సూది అడ్డులేక దిగవలయును. మూలము నశించిన రోమము పెనుగులాట లేక జారివలెనే వెలువడవలయును. లాగినపుడు చుఱుక్కుమని నొప్పి కలిగినచో మూలము చావలేదని గ్రహింపవలెను.

ఇచ్చటనే మోతాదు ప్రశ్న వచ్చును. మోతాదు చాలకున్నచో రోమము మరల మొలచును; నష్టము కాలము, ధనము మాత్రమే. మోతాదు మించినచో రోమము పోవును, గుంట మిగులును. గుంట తిరిగి పూడదు. ఎఱ్ఱదనము ఎంత హెచ్చిన ఫలమంత హెచ్చని కొందఱు తలంచుట కేవలము భ్రమ.

చికిత్స పిమ్మట ఎఱ్ఱదనము, స్వల్పమగు వాపు కొన్ని గంటలు మొదలు ఒకటి రెండు దినములు ఉండుట సహజము. గుండుసూది మొనయంత పక్కులు అచ్చటచ్చట కట్టి, వారము దినములలో రాలిపోవచ్చును. సూది దిగినచోట పైచర్మము తెల్లబాఱుట, పొక్కులెక్కుట, పక్కులు ఒకదానితో నొకటి కలిసి పెద్దవగుట సహజములు కావు. అవి వేడిగాని క్షారముగాని పైకి వచ్చినదనుటకును, దగ్గఱ దగ్గఱ రోమములను ఒకే దినమున చికిత్స చేసిరనుటకును గుర్తులు. చీము పట్టినను, నొప్పి దినదినము పెరిగినను వైద్యునొద్దకు పోవలయును.

తెలుగువారి చామనచాయ చర్మమునకు మఱియొక చిక్కు కలదు. చిన్న గాయమైనను మానినచోట నల్లని మచ్చ నిలుచును. గాయపడిన చర్మము రంగును అధికముగా తయారుచేయుటయే దీనికి కారణము. ఇట్టి మచ్చలు సాధారణముగా కొన్ని నెలలలో తగ్గును, కాని ఎండ తగిలినకొలది ముదురును. దుర్గు ప్రాంతపు వేసవి ఎండ ఎట్టిదో అచ్చటివారికి చెప్పనక్కఱలేదు. కొంగు కప్పుకొని పోవుట మేలు. గాయము మానిన పిదప ఎండనుండి కాపాడు లేపనమును వాడవలయును. చెవికుట్టుచోటనో, పాత గాయముమీదనో కండ పొడుచుకొని వచ్చిన చరిత్ర గలవారు ఆ సంగతిని ముందే చెప్పవలెను.

చికిత్సయైన దినమున శుభ్రమైన గుడ్డలో చుట్టిన మంచుముక్కతో అద్దుట చాలును. పక్కులను గిల్లరాదు. ముఖమునకు పసుపు రాయుట, నలుగుపిండితో రుద్దుట మన యిండ్లలో పరిపాటి. పసుపు మంగళకరమే కావచ్చును. అప్పుడే సూది పడిన రోమకూపములలో అంగడి పసుపు మంగళము కాదు. పక్కులు రాలువఱకు రెండింటిని మానుకొనుట మంచిది. నడుమ రోజులలో రోమములను కత్తెరతో కత్తిరించుకొనవచ్చును, గొరుగుకొననువచ్చును. గొరిగిన రోమములు దట్టమగునను మాట నిజము కాదు. లాగుట, దారముతో తీయించుకొనుట మాత్రము కూడదు.

ఐతే సూదికంటె ముందు విచారింపవలసినది కారణము. గర్భధారణ వయస్సులోనున్న స్త్రీలలో సుమారు పదింట ఒకరికి అండాశయములకు సంబంధించిన హార్మోను రుగ్మత కలదు. దీనిని పి.సి.ఓ.ఎస్. అందురు. బహిష్టు క్రమము తప్పుట, మొటిమలు, ముఖరోమములు దాని లక్షణములు. దానికి మందులు వాడకున్నచో, ఒక ప్రక్క సూది రోమములను తీయుచుండగా మఱియొక ప్రక్క క్రొత్తవి ముదురుచుండును. కొలది నెలలలోనే రోమములు దట్టమై, గొంతు బొంగురై, తలపై జుట్టు పలుచనైనచో గ్రంథులలో కంతి యుండవచ్చును, ఆలస్యము చేయరాదు. ఉతైవారు భిలాయి సెక్టారు 9లోని ఆసుపత్రిలోగాని, రాయపూరులోని ఎయిమ్స్‌లోగాని వైద్యుల సలహా పొందవచ్చును.

గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారు, గర్భిణులు, మధుమేహముగలవారు, మొటిమలకై ఐసోట్రెటినాయిన్ వాడువారు వైద్యుని అడుగక ఈ చికిత్సకు కూర్చుండరాదు. సూది ప్రతివ్యక్తికి క్రొత్తది కావలయును, కన్నులయెదుటనే పొట్లము విప్పవలయును. హెపటైటిస్, హెచ్.ఐ.వి. సోకు మార్గములలో వాడిన సూది యొకటి.

రోమములన్నియు ఒకేమాఱు పెరుగవు. కొన్ని లోపల విశ్రమించియుండి నెలల పిదప వెలువడును. అందుచేత పని ముగియుటకు ఏడాది, ఏడాదిన్నర, కొందఱకు అంతకు మించియు పట్టును. పెండ్లికి పదిదినములున్నవని ముఖమంతయు ఒకేమాఱు చేయింపుమను తల్లిని వారించి పంపు వైద్యుడే మంచివాడు. మొదటి దినమున చెవిక్రిందనో, చుబుకముక్రిందనో కనబడనిచోట పదిపన్నెండు రోమములను మాత్రము తీయించుకొని, కొన్ని వారములు చర్మమును గమనింపవలెను. ఎంత విద్యుత్తు, ఎన్ని సెకనులు, ఎఱ్ఱదనము ఎన్ని గంటలుండెను, మచ్చ నిలిచెనా లేదా, ఇవియన్నియు ఒక చిన్న పుస్తకమున వ్రాసియుంచి, మరుసటి పర్యాయము దానిని వెంట తీసికొనిపోవలయును.