పొరుగు నక్షత్రపు సాక్ష్యం

“కంటికి కనిపించని కృష్ణబిలం ఎలా పుట్టిందో శాస్త్రవేత్తలు ఎలా చెప్పగలరు?” అని మా విద్యార్థి ఒకడు ప్రశ్నించాడు. ప్రశ్న సబబైనదే. ఏ ఉల్లేఖనాన్నీ వినగానే స్వీకరించవద్దనీ, ఉల్లేఖకుడు ఎవరో, సంఘటనకు ఎంత సమీపంలో ఉన్నాడో విచారించాలనీ వారికి బోధించేది మేమే కదా! కృష్ణబిలం మౌనంగా ఉంటుంది. దాని చుట్టూ పరిభ్రమించే నక్షత్రం మాత్రం మాట్లాడుతుంది.

నక్షత్ర కాంతిని విడదీస్తే రంగుల పట్టీలో సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఏ గీత ఏ మూలకానిదో ప్రయోగశాలల్లో తేల్చారు. గీత ఎంత గాఢంగా ఉందో చూచి, నక్షత్రపు వేడిమిని కూడా పరిగణించి, ఆ మూలకం పాలెంతో లెక్కగడతారు. ఈ విద్యకు మన నేలతోనూ సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ వేళ ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని ఇలా పరిశీలించింది గుంటూరులోనే.

వృశ్చిక రాశిలో 1994లో కనుగొన్న ఒక కృష్ణబిలం చుట్టూ ఒక నక్షత్రం సుమారు 2.6 రోజులకొకసారి తిరుగుతోంది. 1999లో వెలువడిన పరిశీలన ప్రకారం దానిలో ఇనుము దాదాపు సూర్యునిలో ఉన్నంతే. ఆక్సిజన్, మెగ్నీషియం, సిలికాన్, గంధకం మాత్రం ఆరు నుండి పది రెట్లు! అంత చిన్న నక్షత్రం వీటిని స్వయంగా తయారు చేసుకోలేదు. ఇవి మహానక్షత్రాల గర్భంలో తయారై, అవి పేలినప్పుడు వెదజల్లబడేవి. అంటే, నేటి కృష్ణబిలం ఒకనాటి మహానక్షత్రం. అది పేలినప్పుడు ఆ ధూళి పొరుగునున్న నక్షత్రంపై పడింది. 2007లో కొందరు ఈ కొలతలను కాదన్నారు. 2008లో తొలి బృందంవారే మళ్లీ కొలిచి, అధిక్యం నిజమేనన్నారు. సాక్ష్యాన్ని ఇలా నిలదీయడమే మాకు నచ్చిన విషయం.

2024 ఏప్రిల్‌లో గాయా ఉపగ్రహ బృందం ప్రకటించిన మూడవ కృష్ణబిలం కథ వేరు. గరుడ మండలంలో, సుమారు 2,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న దాని బరువు సూర్యునికి 33 రెట్లు. దాని సహచర నక్షత్రం ఒక్క ప్రదక్షిణకు 11.6 ఏళ్లు తీసుకుంటుంది. అందులో ఇనుము సూర్యునిలోని దానిలో మూడు వందలో వంతైనా లేదు. ఆ జంట లోహాలు అరుదుగా ఉన్న ప్రాచీన కాలానిదని దీని భావం. లోహాలు తక్కువైన మహానక్షత్రం తన పదార్థాన్ని గాలుల రూపంలో అంతగా పోగొట్టుకోదు. అందువల్లనే అంత భారీ కృష్ణబిలం మిగిలిందని శాస్త్రవేత్తల తర్కం.

అయితే ఈ పొరుగు నక్షత్రంపై పేలుడు మరకలేవీ లేవు. మహానక్షత్రం పెద్దగా పేలకుండానే కుప్పకూలి ఉండవచ్చు. లేదా ఈ నక్షత్రం అప్పటికి అక్కడ లేక, తర్వాత వచ్చి చేరినదై ఉండవచ్చు. సంఘటన స్థలంలో లేని సాక్షి ఏమి చెప్పగలడని మా విద్యార్థి వెంటనే అన్నాడు. ఆ మాటకు మేము సంతోషించాము.