ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు ఎందుకు కన్నుకొడుతుంది? పాత కారు వైరింగు – మీకు తెలుసా?

మా పాత కారులో ఎడమ ఇండికేటర్ వేస్తే చాలు, అటువైపు హెడ్‌లైటు కూడా దానికి తాళం వేస్తున్నట్టు మసకబారుతూ, వెలుగుతూ ఉండేది. బల్బు మార్చాం. స్విచ్ మార్చాం. ఫ్లాషరూ మార్చాం. చివరికి ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, బానెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనక బాడీకి బిగించి ఉన్న చిన్న స్క్రూ ఒకటి విప్పాడు. దాని కింది తుప్పును ఉప్పుకాగితంతో తెల్లగా మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించాడు. “ఎర్తండీ” అన్నాడు, అంతే. పది నిమిషాల పని. అప్పటినుంచి పాత బండ్ల వైరింగు గురించి పోగేసుకున్న సంగతులివి.

★ కారు వైరింగులో సగం తీగే కాదని తెలుసా? ఇంట్లో బల్బుకి ఫేజు, న్యూట్రల్ అని రెండు తీగలుంటాయి. కారులో చాలా బల్బులకి కరెంటు తెచ్చే తీగ ఒక్కటే. అది తిరిగి బ్యాటరీకి చేరే దారి కారు ఇనప ఒళ్ళే. పెద్దాయన ఎర్త్ అన్నది ఈ దారినే. ఉక్కు రాగి కన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువగా కరెంటును అడ్డుకుంటుంది గానీ, బాడీ అంత పెద్ద రేకులో ఆ అడ్డు లెక్కలోకి రాదు. చిక్కల్లా తీగ వచ్చి రేకును కలిసే చోటే. అక్కడ పెయింటో తుప్పో చేరితే కరెంటు ఊరుకోదు, పక్క బల్బులోంచి దూరి మరో దారిన పోతుంది. ఇండికేటర్‌తో పాటు హెడ్‌లైటు కన్నుకొట్టడం, బ్రేకు తొక్కితే వెనక పార్కింగ్ లైటు ఆరిపోవడం ఆ దొంగదారి లీలలే. సంబంధం లేని రెండు లైట్లు జతకట్టి ఆడుతుంటే బల్బులు కొనకండి, ముందు స్క్రూ విప్పండి.

★ సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ పొగలు కక్కడం ఎప్పుడైనా చూశారా? ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, దాన్నీ బాడీనీ కలపడానికి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. సెల్ఫ్ మోటారు చిన్న కారులో కూడా 100 ఆంపియర్లు దాటి లాగుతుంది. ఆ పట్టీ తెగినా, గేర్‌బాక్సు పనికి విప్పినవాళ్ళు తిరిగి బిగించడం మరిచిపోయినా, అంత కరెంటూ యాక్సిలరేటర్, చోక్, క్లచ్ కేబుళ్ళలో ఏది దొరికితే దానిలోంచి పోతుంది. కేబుల్ కాలుతుంది, కొత్తది వేస్తారు, అదీ కాలుతుంది. కేబుళ్ళు అమ్మేవాడికి తప్ప ఎవరికీ లాభం లేదు.

★ మల్టీమీటర్ 12 వోల్టులు చూపించినంత మాత్రాన ఆ తీగ మంచిదని కాదు. పదిహేను పోగుల తీగలో పద్నాలుగు తెగి ఒక్కటి మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. అదే తీగకి హెడ్‌లైటు తగిలిస్తే నాలుగైదు ఆంపియర్లు అడుగుతుంది, ఆ ఒక్క పోగూ చేతులెత్తేస్తుంది. అందుకే పాతకాలపు మెకానిక్కు జేబులో రెండు తీగలు కట్టిన 12 వోల్టుల బల్బు ఉండేది. బల్బు నిండుగా వెలిగితేనే తీగ మంచిది. మీటరే వాడాలనుకుంటే లైటు వేసి ఉంచి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఆ బల్బు ఎర్త్ మీద పెట్టండి. 0.2 వోల్టులు దాటిందంటే దొంగ దొరికినట్టే. (కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో మాత్రం ఆ తీగల జోలికి టెస్ట్ బల్బుతో వెళ్ళకూడదు.)

★ హాలోజెన్ బల్బుకి అందే వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు కాదు, దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. రాత్రిపూట కళ్ళు సరిగా కనిపించడం లేదని అద్దాలు మార్పించుకున్నవాళ్ళలో కొందరి తప్పు కళ్ళది కాదేమోనని నాకు అనుమానం.

★ ఫ్యూజు కాపాడేది హారన్‌నో రేడియోనో కాదు, తీగను. తీగ వేడెక్కి కాలకముందే తాను కాలిపోవడమే దాని ఉద్యోగం. పోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టడమంటే ఆ ఉద్యోగాన్ని డాష్‌బోర్డు వెనక తీగలకు అప్పగించడం. పాత గాజు ఫ్యూజుల్లో ఇంకో తిరకాసు ఉంది. బ్రిటిష్ పద్ధతి ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే అంకె, ఎడతెగకుండా మోయగలిగేది 17 ఆంపియర్లే. ఆ అంకె చూసి వేరే పద్ధతి 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే తీగకు కాపలా సగం పోయినట్టే.

మరి పెట్టిన ఫ్యూజల్లా పోతుంటే? స్విచ్‌లన్నీ ఆపి, ఫ్యూజు చోట ఒక హెడ్‌లైటు బల్బు తగిలించండి. షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, తీగలు మాత్రం కాలవు. ఇక వైరింగు కట్టను ఒక్కో చోట పట్టుకుని కదుపుతూ పోండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరిందో షార్ట్ అక్కడే. డజను ఫ్యూజులు తగలేయడం కన్నా ఇది నయం.

★ అంబాసిడర్ తీగల రంగులకు ఒక భాష ఉందని తెలుసా? 2014 దాకా ఉత్తరపారాలో తయారైన ఆ కారుకు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. కాబట్టి తీగలూ బ్రిటిష్ భాషే మాట్లాడతాయి. గోధుమరంగు ఎప్పుడూ కరెంటున్న తీగ. తెలుపు తాళంచెవి తిప్పితే కరెంటొచ్చేది. ఆకుపచ్చ తాళంచెవి తర్వాత ఫ్యూజు కూడా దాటి వచ్చింది. నలుపు ఎర్త్. నీలం హెడ్‌లైటు, ఎరుపు పార్కింగ్ లైటు. అయితే నలభై ఏళ్ళలో నలుగురు మెకానిక్కులు చెయ్యిపెట్టిన బండిలో, చేతికందిన ఎర్ర తీగే అన్నిచోట్లా అతుక్కుని ఉంటుంది. రంగును నమ్మండి గానీ బల్బుతో ఒకసారి అడిగి నమ్మండి.

★ 1950లలో తయారైన చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి కలిసింది నెగటివ్ కాదు, పాజిటివ్. అలాంటి బండికి ఇవాళ్టి ఫోన్ చార్జరో స్టీరియోనో అలవాటుగా బిగిస్తే పొగే. బ్యాటరీలో ఏ కొన బాడీకి వెళ్ళిందో ముందు చూసుకోవాలి. బ్యాటరీ విప్పేటప్పుడు కూడా బాడీకి కలిసిన కొననే ముందు విప్పాలి. అప్పుడు రెండో కొన దగ్గర పానా జారి రేకుకు తగిలినా నిప్పురవ్వ రాదు.

★ డాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మున్న ఎర్ర బల్బు ఉత్త సూచన కాదు. చాలా పాత ఆల్టర్నేటర్లకు మేలుకోవడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బులోంచే వెళ్తుంది. బల్బు మాడిపోతే చార్జింగ్ ఎక్కకపోవచ్చు. తాళంచెవి తిప్పినప్పుడు అది వెలగాలి, ఇంజన్ అందుకున్నాక ఆరాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ జోలికి వెళ్ళనక్కర్లేదు.

★ ఇనుముకు తుప్పు, రాగికి చిలుము. చిలుము తీగ కొసతో ఆగదు, ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో మరీ. పైకి నిగనిగలాడే తీగను రెండంగుళాలు కోసి చూస్తే లోపల నల్లగా ఉంటుంది, అతుకు పట్టదు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయాల్సిందే. ఇత్తడి చెంబుకు పనికొచ్చిందని చింతపండు రుద్దేరు! పోగుల మధ్య మిగిలిపోయిన పులుపే మళ్ళీ చిలుము పట్టిస్తుంది.

★ ఎలుకల ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకకపోతే వాటికి గడవదు. వాటి బారినుంచి తీగల్ని కాపాడడానికి హోండా కంపెనీ మిరపఘాటు పూసిన టేపు అమ్ముతోంది. అందులో ఉండేది క్యాప్సైసిన్, గుంటూరు మిరపకాయలో మన కళ్ళనీళ్ళు తెప్పించేదే.

★ రాత్రికి బాగున్న బ్యాటరీ నాలుగు రోజులు బండి తీయకపోతే చచ్చి ఉందా? డిక్కీలో 5 వాట్ల బల్బు మూత వేశాక కూడా వెలుగుతుంటే రోజుకు 10 ఆంపియర్-గంటలు తాగేస్తుంది. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35. మూత మూశాక లోపల బల్బు ఆరిందో లేదో చూసేదెలా అంటారా? ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూయండి. తాళంచెవి మాత్రం బయటే ఉంచుకోండి.