ఆల్టర్నేటర్ ఆగిన తర్వాత

సెస్నా 172 విమానం గాలిలో ఉండగా ఆల్టర్నేటర్ చెడిపోయినా ఇంజన్ ఆగదు. స్పార్క్ ప్లగ్గులకు కావలసిన కరెంటును మాగ్నెటోలు ఇంజన్ తిరుగుడుతోనే పుట్టించుకుంటాయి. ఇంట్లో కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకున్నట్టు, మిగతా భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, రేడియో పలుకుతూనే ఉంటుంది. అమ్మీటర్ ముల్లు మాత్రం సున్నాకి ఎడమవైపు ఒరుగుతుంది. దాన్ని చూడని పైలట్‌కు అసలు సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ నెమ్మది క్షీణతను కంప్యూటర్లో పట్టుకున్న ఘట్టమే, ఫ్లైట్‌గేర్ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టం. 1996లో డేవిడ్ మర్ చేసిన ప్రతిపాదనతో మొదలైన సిమ్యులేటర్ ఇది. దీని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. 2002 సెప్టెంబరులో కర్టిస్ ఓల్సన్ ఇందులో విద్యుత్ వ్యవస్థ రాయడం మొదలుపెట్టారు. కరెంటునిచ్చే బ్యాటరీ, ఆల్టర్నేటర్ ఒకవైపు, దాన్ని వాడుకునే పరికరాలు మరోవైపు, మధ్యలో కరెంటును పంచే బస్‌లు, స్విచ్‌లు. ఏ విమానం వైరింగ్ ఆ విమానం ఎక్స్‌ఎంఎల్ ఫైలులోనే ఉంటుంది. ఆ తర్వాత ఆండీ రాస్ తయారుచేసిన నాసల్ భాష వచ్చి, ఎవరి విమానం లెక్కలు వాళ్లే రాసుకునే వీలు కల్పించింది.

సెస్నా కోసం నాసల్‌లో రాసిన బ్యాటరీ లెక్క చూడండి. పేరుకు 24 వోల్టులు, 12.75 ఆంపియర్ అవర్లు. ఖాళీ అయిన భాగాన్ని మూడుతో హెచ్చవేసి, ఒకటి తీసేసి, గుర్తు తిప్పి, అయిదో ఘాతానికి పెంచుతారు. దానికి 32 కలిపి, 32తో భాగించి, 24తో హెచ్చవేస్తే వోల్టేజి వస్తుంది. నిండుగా ఉంటే 24.75. సగం అయిపోయినా దాదాపు 24. అయిదో వంతు మిగిలేసరికి 20, ఆపైన సున్నాకి జారుడే. బ్యాటరీ రసాయనం జోలికి పోకుండా ఒక్క సూత్రంతో దాని స్వభావం పట్టేశారు! చాలాసేపు నిబ్బరంగా నిలబడి, చివర్లో ఒక్కసారిగా కూలబడడమే ఆ స్వభావం.

ఆల్టర్నేటర్ లెక్క ఇంకా సులువు. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు దాటితే 28 వోల్టులు, తగ్గితే ఆ మేరకు తక్కువ. బ్యాటరీ కన్నా ఎక్కువ వోల్టేజి కాబట్టి బస్‌ను అదే నడుపుతుంది, బ్యాటరీనీ నింపుతుంది.

సిమ్యులేటర్లో విమానాన్ని పైకి తీసుకెళ్లి, ఎర్రటి మాస్టర్ స్విచ్‌లో ఎడమ సగాన్ని, అంటే ఆల్టర్నేటర్‌ది, ఆపేయండి. ల్యాండింగ్ లైటు వెలుగుతుండనివ్వండి. మొదట ఏమీ జరగదు. బ్యాటరీ అడుగంటుతున్నకొద్దీ టర్న్ కోఆర్డినేటర్ లోపలి చక్రం వేగం తగ్గి, విమానం తిరుగుతున్నా దాని సూచిక మందకొడిగా కదులుతుంది. వాక్యూమ్ పంపుతో నడిచే యాటిట్యూడ్ ఇండికేటర్ మాత్రం ఆ పక్కనే, దిగంతాన్ని సరిగ్గా చూపిస్తూ ఉంటుంది.