లినక్స్ జాబితాలోంచి తొలగిన పేర్లు: కోడ్‌కు ఒక చట్టం, మనిషికి మరొకటి

2024 అక్టోబరు 18న లినక్స్ కెర్నెల్‌కు చెందిన ఒక ఫైలును మార్చే ప్రతిపాదన వచ్చింది. ఆ ఫైలు పేరు మెయింటెయినర్స్. కెర్నెల్‌లో ఏ భాగానికి ఎవరు బాధ్యులో, ఆ భాగాన్ని సవరించదలచినవారు తమ ప్యాచ్‌ను ఎవరికి పంపాలో చెప్పే జాబితా అది. గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ అనే సీనియర్ నిర్వాహకుడు పంపిన ఆ ప్యాచ్ దాదాపు పన్నెండు పేర్లను అందులోంచి తీసివేసింది. అందరూ రష్యాతో సంబంధమున్నవారే. కారణంగా రాసినది ఒక్క మాట: వివిధ నిబంధనలను పాటించవలసి రావడం. తగిన పత్రాలు చూపితే వారు తిరిగి రావచ్చునని కూడా ఉంది. ఏ నిబంధనలో, ఏ పత్రాలో లేదు. రెండు రోజుల తరువాత వెలువడిన 6.12 నాలుగవ ప్రయోగాత్మక కూర్పులో ఆ మార్పు చేరిపోయింది.

నేను వైద్యుణ్ణి, ప్రోగ్రామర్‌ను కాను. అయినా ఈ ఉదంతం నన్ను పట్టుకుని వదలలేదు. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల దాకా నడిచేది ఈ కెర్నెల్ మీదనే. 1991లో హెల్సింకీలో ఒక విద్యార్థి మొదలుపెట్టిన ఈ పనికి దేశాల సరిహద్దులు లేవని ముప్పై ఏళ్ళకు పైగా వింటూ వచ్చాము. ఆ మాట అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం తెలియాలంటే అమెరికా చట్టాలలో రెండు వేర్వేరు పాయలను విడదీసి చూడాలి.

మొదటిది ఎగుమతుల నియంత్రణ. వాణిజ్యశాఖ అమలుచేసే ఈ చట్టం ప్రధానంగా అడిగే ప్రశ్న: దేశం దాటుతున్న వస్తువు ఏమిటి? 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే గూఢలేఖన ప్రోగ్రామును అందరికీ పంచినప్పుడు, బలమైన గూఢలేఖనం ఆయుధాల జాబితాలో ఉండేది. అతని మీద దర్యాప్తు 1996 జనవరి దాకా సాగింది. ఈలోగా, 1995లో, ఎం.ఐ.టి. ముద్రణాలయం ఆ ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ను పుస్తకంగా అచ్చువేసింది. డిస్కులో దాటితే నేరమయ్యేది కాగితం మీద నిరభ్యంతరంగా దాటింది! అదే కాలంలో డేనియల్ బెర్న్‌స్టీన్ అనే బర్క్లీ విద్యార్థి ప్రభుత్వం మీద దావా వేసి, సోర్స్ కోడ్ కూడా వాక్కేననీ, దానికి రాజ్యాంగ రక్షణ ఉందనీ న్యాయస్థానాలచేత అనిపించాడు. 2000 జనవరిలో నిబంధనలు సడలాయి. బహిరంగంగా ప్రచురించిన సోర్స్ కోడ్ నేడు చాలామటుకు ఈ చట్టం పరిధిలోకి రాదు.

తెలుగువారికి ఈ పాయతో దగ్గరి పరిచయమే ఉంది. పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత 1998 నవంబరులో అమెరికా వాణిజ్యశాఖ పెద్ద సంఖ్యలో భారతీయ సంస్థలను తన నియంత్రణ జాబితాలో చేర్చింది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్ వాటిలో ఉన్నాయి. 2011 జనవరిలోగాని అవి బయటపడలేదు. ఆ పన్నెండేళ్ళూ వాటికి పరికరాలు అమ్మాలంటే అనుమతి కావాలి. బహిరంగంగా దొరికే లినక్స్‌ను దించుకోవడానికి మాత్రం ఆ జాబితా అడ్డు కాదు. ఎందుకంటే అది వస్తువుల మీది చట్టం, ప్రచురించిన కోడ్ ఆ వస్తువులలో లేదు.

రెండవ పాయ ఆర్థిక ఆంక్షలు. వీటిని అమలుచేసేది ఆర్థికశాఖలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం, పొట్టిగా ఒఫాక్. ఇది మొదట అడిగేది వస్తువు ఏమిటని కాదు, ఎదుట ఉన్నది ఎవరని. ఒఫాక్ నిషిద్ధుల జాబితాలో పేరున్న వ్యక్తికో సంస్థకో, అటువంటివారికి సగమో అంతకుమించో వాటా ఉన్న సంస్థకో, అమెరికన్లు వస్తువునే కాదు, సేవను కూడా అందించరాదు. వారినుంచి స్వీకరించరాదు.

సేవ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మా ఊరి తెలుగు మీడియం బడిలో సేవ అంటే ప్రతిఫలం ఆశించకుండా చేసేదని నేర్చుకున్నాను. చట్టం దృష్టిలో జీతం తీసుకోనంత మాత్రాన సేవ సేవ కాకుండా పోదు. సమాచారాన్ని, ప్రచురణలను ఆంక్షలనుంచి మినహాయిస్తూ 1988లో అమెరికా కాంగ్రెస్ ఒక సవరణ చేసింది. దానికి ఒఫాక్ చెప్పిన భాష్యం విచిత్రం: అప్పటికే పూర్తిగా తయారై ఉన్న రచనకే మినహాయింపు, తయారీలో చేసే సాయానికి కాదు. 2003లో ఇంజినీర్ల సంస్థ ఐట్రిపులీ ఇరాన్ రచయితల వ్యాసాల గురించి అడిగితే, ఉన్నదున్నట్టు అచ్చువేయవచ్చునని, వాక్యం దిద్దితే, పేరా మార్చితే అది సేవ అవుతుందని జవాబు వచ్చింది. నేను వైద్య పత్రికలకు సమీక్షలు రాస్తుంటాను. పట్టికలో అంకె తప్పిందని రాసేటప్పుడు రచయిత ఏ దేశస్థుడో చూడాలన్న ఆలోచనే రాదు. అది నేరం కాగలదని ఆనాడు తెలిసి నివ్వెరపోయినవారిలో నేనూ ఒకణ్ణి. గొడవ జరిగాక 2004 ఏప్రిల్‌లో ఒఫాక్ వెనక్కు తగ్గింది. తన ఆత్మకథను అమెరికాలో ప్రచురించదలచిన నోబెల్ గ్రహీత షిరీన్ ఎబాదీ, కొందరు ప్రచురణకర్తలు కోర్టుకెక్కిన తరువాత ఆ ఏడాది డిసెంబరులో విస్తృతమైన సడలింపు ఇచ్చింది. అయితే ఆ సడలింపు పుస్తకాలను, పత్రికలను దృష్టిలో పెట్టుకుని రాసినది.

ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు చిక్కంతా ఇక్కడే. పుస్తకం ఒకనాటికి పూర్తవుతుంది, కెర్నెల్ ఎన్నటికీ పూర్తి కాదు. ప్యాచ్ పంపడం, దాన్ని మరొకరు చదివి తప్పులు చూపడం, మళ్ళీ పంపడం: సముదాయం అంటే ఇదే. లినక్స్‌ను పంచే జీపీఎల్ లైసెన్సు రష్యా సంస్థకు కోడ్‌ను నిరాకరించదు, నిరాకరించలేదు కూడా. కానీ నీ ప్యాచ్‌ను నేను సమీక్షించి తీరుతానని ఏ లైసెన్సూ మాట ఇవ్వలేదు. 2003లో ఎస్.సి.ఓ. సంస్థ లినక్స్ కోడ్ మీద హక్కు తనదని దావా వేసిన తరువాత, 2004 నుంచి ప్రతి ప్యాచ్ కిందా సంతకం అడుగుతున్నారు. అది అడిగే ప్రశ్న, ఇది నీవు ఇవ్వగలిగినదేనా అని. నీవెవరు, నీ యజమాని ఎవరు అన్న ప్రశ్న ఇప్పుడు దానికి తోడైంది.

2024 నాటి తొలగింపు వెనుక ఉన్నది ఈ రెండవ చట్టమేనని వారం తిరగకముందే జేమ్స్ బాటమ్లీ అనే మరో పాత నిర్వాహకుడు వివరించాడు. నిషిద్ధ సంస్థలలో పనిచేసేవారు ఆ జాబితాలో ఉండరాదన్నది న్యాయవాదుల సలహా అని చెప్పి, తొలగించబడినవారికి కృతజ్ఞత తెలిపి, క్షమాపణ కూడా కోరాడు. ఆ లేఖ మొదటిరోజే రావలసింది. రోగిని ఇంటికి పంపేటప్పుడు కారణం రాయని వైద్యుణ్ణి ఏ ఆసుపత్రీ క్షమించదు. టోర్వల్డ్స్ జోక్యం మేలు చేయలేదు. తాను ఫిన్లాండ్‌వాడినని, రష్యా దురాక్రమణను సమర్థించబోనని అతడు అనడంతో, చట్టానికి తలవంచిన చర్య కాస్తా ఒక జాతికి విధించిన శిక్షలా వినిపించింది. ఉక్రెయిన్ విషయంలో అతని అభిప్రాయం నాకూ సమ్మతమే. కానీ ఏళ్ళ తరబడి ఇతరుల ప్యాచ్‌లు చదివినవారికి అది సమాధానం కాదు. వారిలో ఒకరు తనవద్ద సగంలో ఉన్న సమీక్షలను వరుసగా పేర్కొంటూ, పేరుపేరునా సహచరులకు సెలవు చెబుతూ పొడవాటి లేఖ రాశాడు.

సంస్థను అమెరికా నుంచి తరలిస్తే సరిపోదా అని కొందరు అడిగారు. ప్రాసెసర్ల నమూనాను రూపొందించే రిస్క్-ఫైవ్ సంస్థ 2020లో అలాగే స్విట్జర్లండ్‌కు వెళ్ళింది. లినక్స్‌కు అది చాలదు. ఆంక్షలు కార్యాలయాన్ని మాత్రమే కాదు, అమెరికా పౌరుణ్ణి ఎక్కడున్నా వెంటాడతాయి. టోర్వల్డ్స్ 2010 నుంచి అమెరికా పౌరుడు.

ఇదంతా రష్యావారి తలనొప్పి అనుకునే మన ఇంజినీర్లు ఒక అంకెను గుర్తుంచుకోవాలి. గుజరాత్‌లోని వాడినార్ చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే నయారా ఎనర్జీలో రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా ఉంది. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆ కంపెనీపై ఆంక్షలు విధించగానే మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళిన తరువాత తిరిగి వచ్చాయి. అక్టోబరులో రాస్‌నెఫ్ట్ పేరు ఒఫాక్ జాబితాకు ఎక్కింది. రాస్‌నెఫ్ట్ వాటా ఒక్కటే లెక్కిస్తే, అక్కడి భారతీయ ఉద్యోగి పంపే ప్యాచ్‌కూ నిషేధానికీ మధ్య ఉన్న దూరం 0.87 శాతం.