నానోకణము – జీవకోశము: ఒక పదవిచారము

నానోకణములకును జీవకణములకును గల సంబంధమును తెలుగున వివరింపబూనిన వానికి మొదటి వాక్యముననే చిక్కు ఎదురగును. భౌతికశాస్త్రమున ఆల్ఫాకణము కణమే; జీవశాస్త్రమున దేహమునకు మూలమైన ఘటకమును కణమే. "కణము కణములోనికి పోవును" అని వ్రాసిన విద్యార్థి తప్పు వ్రాయలేదు. కాని చదువరికి ఏమియు బోధపడదు. హిందీలో కణ్, కోశికా అనియు, వంగభాషలో కణా, కోష్ అనియు, కన్నడమున కణ, జీవకోశ అనియు ఈ రెండును వేరుగా నున్నవి. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కను సూక్ష్మదర్శినితో పరిశీలించి కనుగొన్నవి చిన్నచిన్న గదులు. ఆయన పెట్టిన పేరునకు అర్థమును గదియే. కోశశబ్దము ఆ భావమును నిలుపుకొన్నది. మన కణశబ్దము దానిని విడిచి నలుసు అను అర్థమును పట్టుకొన్నది. పాఠ్యగ్రంథములలో పాతుకొనిన పదమును పెకలింపవలెనని నా వాదము కాదు. ఈ వ్యాసమున మాత్రము జీవము గలదానిని కోశమనియు, జీవము లేనిదానిని కణమనియు వ్యవహరింతును.

'నానో' యనగా గ్రీకుభాషలో మరుగుజ్జు. 1960లో అంతర్జాతీయ ప్రమాణవిధానమున ఈ ఉపసర్గ చేరినది. మీటరులో వందకోట్లవ పాలు నానోమీటరు. 1 మొదలు 100 నానోమీటర్ల వరకు గలవానిని నానోకణము లందురు. జంతుకోశము వెడల్పు సాధారణముగా 10,000 నుండి 20,000 నానోమీటర్లు. కోశము కడవ యైనచో కణము ఆవగింజ.

ప్రయోగశాలలో తయారైన కణము ఆ రూపముతోనే కోశమును చేరునని తలచుట పొరపాటు. రక్తమున పడిన క్షణములలోనే మాంసకృత్తులు దానిని చుట్టుకొనును. మొదట సమృద్ధిగా నున్నవి వచ్చి అంటుకొనును; పిదప, కొలదిగానున్నను పట్టు ఎక్కువ గలవి వానిని తొలగించి ఆ చోటు నాక్రమించును. 2007లో పరిశోధకులు ఈ పొరకు కిరీట మను అర్థము గల 'కరోనా' పదమును వాడిరి. కిరీటము తలకే గాని ఒడలికి కాదు. కవచ మందమా, వృక్షశాస్త్రము దానిని 'కణకవచ'మని ఇదివరకే వాడుకొన్నది. పైగా కవచము రక్షించును, ఈ పొర గుర్తింపు నిచ్చును. 'కంచుక' మనుట నాకు ఉచితముగా తోచుచున్నది. పాము విడుచు కుబుసమునకును ఆ పేరే కలదు గనుక, పొర మారుట అను భావమును అందులో ఇమిడియున్నది.

ఈ కంచుకమువలన ఏమి జరుగునో ఒక ఔషధము చక్కగా తెలుపును. వంశానుగతముగా సంక్రమించి నాడులను చెరచు ఒక వ్యాధికి 2018లో అమెరికాలో అనుమతి పొందిన పటిసిరాన్ అనునది కొవ్వు నానోకణములలో పొదిగిన చిట్టి ఆర్.ఎన్.ఏ. రక్తములో ఎపోలిపోప్రోటీన్-ఇ యను మాంసకృత్తు దాని నంటుకొనును. కాలేయకోశముల పైనున్న గ్రాహకములు ఆ మాంసకృత్తును చూచి, వచ్చినది నిత్యము తమకు చేరు కొవ్వేయని లోనికి గొనును. చిరునామా వ్రాసినది వైద్యుడు కాదు, రోగి రక్తమే.

ఇక 'కణప్రవేశము' అను మాట. ఇందు కణము కర్త యగుచున్నది. వాస్తవమున కర్త కోశము, కణము కర్మ. గ్రాహకములు కణమును పట్టగా కోశత్వచము లోనికి గుంటపడి, తిత్తియై, తెగి లోపల చేరును. క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో ఈ క్రియకు 'ఎండోసైటోసిస్' అని పేరిడెను. తెలుగున 'అంతర్గ్రహణ' మనవచ్చును. త్వచమును నేరుగా దాటు కణములు లేకపోలేదు. అధికభాగము మాత్రము ఇట్లు మ్రింగబడునవే. మ్రింగుటకును ఒక మితి కలదు. 2006లో టొరంటోలో హీలా కోశములపై బంగారుకణములను పరీక్షింపగా, 14 నానోమీటర్లవానికంటెను 74 నానోమీటర్లవానికంటెను 50 నానోమీటర్లవి ఎక్కువగా లోనికి పోయినవి. మరీ చిన్నది త్వచమును వంచుటకు చాలినన్ని గ్రాహకములను పట్టుకొనలేదు. పెద్దది మితిమించిన గ్రాహకములను వెచ్చించును.

తిత్తిలో చేరినది కోశమున చేరినట్లు కాదు. తిత్తి క్రమముగా పులిసి, లైసోసోమను జీర్ణస్థానమును కలియును. ఔషధము అంతకు ముందే బయటపడవలెను. పటిసిరానునందును, 2020లో వాడుకకు వచ్చిన ఆర్.ఎన్.ఏ. కోవిడ్ టీకాలయందును ఉన్న ఒక తరగతి కొవ్వు, ఆ పులుపుననే ధనావేశము పొంది తిత్తిపొరను భంగపరచును. ఐనను, 2013లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, ఇట్టి కణములు మోసిన చిట్టి ఆర్.ఎన్.ఏ.లో తిత్తి దాటునది నూటికి ఒకటి రెండు పాళ్లే. దీనిని ఆంగ్లపదము ననుసరించి కొందరు 'పలాయన' మనుచున్నారు. పారిపోవుటకు ఇచట ఎవరును లేరు. 'తిత్తిభేదన' మనిన చాలును.

ఈ భేదనము ఔషధము కొరకే జరుగునని లేదు. స్ఫటికరూపమగు సిలికాధూళి నానోకణములకంటె మిక్కిలి పెద్దదైనను ఊపిరితిత్తులలోని భక్షకకోశములు దానిని మ్రింగును, అరిగించుకొనలేవు. లైసోసోము చిట్లి, అందలి రసములు కోశమున చిమ్మబడి, వాపు మొదలగును. కోశము చచ్చి విడిచిన ధూళిని మరియొక కోశము మ్రింగును. రాతిపనివారి సిలికోసిస్ ఇట్లు ప్రారంభమగును. ధూళిలో పని మానిన పిదపను అది పెరుగుచుండుటకు ఒక కారణ మిదియే.