మీకు తెలుసా? లోపల కొలువుండే క్రియ

ఇంగ్లిష్‌లో ‘ఇన్‌డ్వెల్’ అనే క్రియ ఉంది. బాగా చదివేవాళ్లకు కూడా అరుదుగానే తగులుతుంది. ‘నల్గొండలో ఉంటున్నాను’ అనడానికి ఇది పనికిరాదు, అక్కడ ‘లివ్’ చాలు. మనిషి ఇంట్లో ఉండటం కాదు, మనిషి లోపలే మరొకటి ఉండటం దీని అర్థం. 14వ శతాబ్దం చివర జాన్ విక్లిఫ్ బైబిలును ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు లాటిన్ మాటకు సాటిగా దీన్ని వాడారు. భక్తుడిలో దైవం నివసించడం గురించి చెప్పేటప్పుడు క్రైస్తవ గ్రంథాల్లో నేటికీ కనిపిస్తుంది. మన ‘కొలువై ఉండటం’ దీనికి బాగా దగ్గర.

గుడి దాటి ఈ మాట ఆసుపత్రికీ చేరింది. మూత్రం పోవడానికి పైపు వేసి కొన్నాళ్లు అలాగే ఉంచితే డాక్టర్లు దాన్ని ‘ఇన్‌డ్వెల్లింగ్ క్యాథెటర్’ అంటారు. పైపు కొసన చిన్న బెలూన్ ఉంటుంది. లోపలికి వెళ్లాక అందులో శుభ్రమైన నీళ్లు నింపుతారు. ఆ ఉబ్బు వల్లే పైపు జారి బయటికి రాదు.

ఈ క్రియకు మన దగ్గర నేను చూపించగల అందమైన ఉదాహరణ నల్గొండ పక్కనే పానగల్‌లో ఉంది. కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుళ్ల త్రికూటం. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడమీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. బయట పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ మాత్రం చోటు మారదు. సూర్యకిరణం నేరుగా లోపలికి రాకపోవడమే అందుకు కారణం. బయటి వెలుతురు చెదిరి, మండపం స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరుతుంది. ఆ స్తంభాలు అడ్డుకున్న వెలుగే గోడమీద నీడగా నిలబడుతుంది. వెలుతురు వచ్చే దారి మారదు కాబట్టి నీడా మారదు. కరెంటు లేని రోజుల్లో, సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందట, శిల్పులు ఇంత లెక్క వేసుకుని కట్టారు! స్వామి పేరులోనే నీడ చేరిపోయింది. ఇన్‌డ్వెల్ అంటే ఇదే.

ఉదయసముద్రం చెరువు చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ గుడికీ వెళ్లండి. గర్భగుడి ముందు వెలుతురుకు అడ్డం నిలబడకుండా, కాస్త పక్కకు జరిగి చూడండి.